మలంలో పీచు లెక్క: గ్రాముల పక్కన పద్ధతి పేరు రాయాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో ఈమధ్య పీచుపదార్థాల మీద వచ్చిన వ్యాసం చదివాం. రాగులు, జొన్నలు, ఆకుకూరలు ఇంకాస్త తినమన్న సలహాకు వంక పెట్టేదేమీ లేదు. చివర్లో చెప్పిన రెండు మాటలు మాత్రం సవరించాలి. మలపరీక్ష రిపోర్టులో ‘వెజిటబుల్ ఫైబర్స్ – ప్రెజెంట్’ అని ఉంటే జీర్ణశక్తి మందగించినట్టేనన్నారు. ఒక చిన్న డబ్బాలో మలం ఇస్తే, తిన్న పీచులో ఎంత అరిగిందో ల్యాబ్ గ్రాముల్లో చెప్పేస్తుందనీ రాశారు. మొదటిది తప్పు. రెండోది సగమే నిజం.

మొదటి సంగతి తేలిగ్గా తెమిలిపోతుంది. మామూలు మలపరీక్షలో చేసేది ఇంతే: గాజుపలక మీద ఉప్పునీటి చుక్క, పక్కన అయోడిన్ చుక్క, వాటిలో అగ్గిపుల్ల మొనంత మలం కలిపి మైక్రోస్కోపులో చూడటం. వెతికేది పురుగుల గుడ్లు, అమీబా, చీము కణాలు. మధ్యలో తోటకూర నార, టమాటా తొక్క, మిరపగింజ పొర కనిపిస్తే ‘ఫైబర్స్’ అని రాస్తారు. నిన్నో మొన్నో కూర తిన్నారని దానర్థం. మనిషి చిన్నపేగులో సెల్యులోజును అరిగించే ఎంజైమే లేదు కాబట్టి, అది కనిపించడం జబ్బు కాదు. కొలత అంతకన్నా కాదు.

రెండో సంగతికి కాస్త చోటు కావాలి. మలంలోని పీచు భాగాలను, అంటే సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, పెక్టిన్ (ఈ మూడూ చక్కెరల గొలుసులు), లిగ్నిన్ (మొక్కను గట్టిపరిచే, చక్కెర కాని పదార్థం)లను కొలవడం సాధ్యమే. కాకపోతే ఏ పద్ధతిలో కొలిచారో చెప్పని అంకెకు విలువ లేదు. తిండి విషయంలోనే ఇది మన కళ్లముందు జరిగింది. జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో పీచు 3.6 గ్రాములు. అదే హైదరాబాద్ సంస్థ 2017లో వేసిన పట్టికలో 11 గ్రాముల పైచిలుకు. గింజ అదే. పాత లెక్క ‘క్రూడ్ ఫైబర్’ది. 1860ల నాటికే జర్మనీలోని వేండె కేంద్రంలో పశువుల మేత కోసం స్థిరపడిన పద్ధతి అది. 1.25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో అరగంట, 1.25 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో ఇంకో అరగంట మరిగిస్తారు. ఆ దెబ్బకు హెమీసెల్యులోజ్‌లో చాలా భాగం, లిగ్నిన్‌లో కొంత, సెల్యులోజ్‌లో కూడా కొంత కొట్టుకుపోతాయి. కొత్త లెక్క ఎంజైములతో తీసింది. రాగుల్లోనే ఇంత తేడా వస్తే, మలంలో ఎంత వస్తుందో చూడండి.

పని మొదలయ్యేది బాత్‌రూములో. ఒక పూట మలం దేనికీ పనికిరాదు. తిన్నది బయటికి రావడానికి ఒకరికి ఒక రోజు, ఇంకొకరికి మూడు రోజులు పడుతుంది. ఒక్క పూటలోనే రెండు మూడు రోజుల తిండి కలిసి ఉంటుంది. కనీసం వారం రోజులు ఒకే రకం భోజనం పెట్టి, ఆ తర్వాత ఐదు రోజుల మలం మొత్తం సేకరించాలి. మొదలూ చివరా తెలియడానికి కార్మైన్ లాంటి రంగు నింపిన క్యాప్సూల్ మింగిస్తారు. రంగు కనిపించిన దగ్గర్నుంచి లెక్క. ఇంకా మంచి దారి ఉంది. భోజనంతో పాటు ఎక్స్‌రేలో కనిపించే చిన్న ప్లాస్టిక్ గుళికలు ఇచ్చి, మలం డబ్బాలను ఎక్స్‌రే తీసి లెక్కపెట్టడం. 60 గుళికలు మింగితే 54 వచ్చాయనుకోండి, సేకరణ 90 శాతమే అయినట్టు. వచ్చిన పీచు గ్రాములను 0.9తో భాగించాలి. జనం నిజాయితీగా ఇచ్చినా ఒక పూట ఆఫీసులో పోతుంది, దాన్ని ఈ గుళికలు పట్టిస్తాయి.

ముందే తూకం వేసిన డబ్బాలో మలం పడాలి, మూత్రం కలవకూడదు, గంటలోపు మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లోకి వెళ్లాలి. బయట పెడితే అందులోని బ్యాక్టీరియా పని ఆపదు, మిగిలిన పీచును తింటూనే ఉంటుంది. మూత ఉబ్బిన డబ్బా వచ్చిందంటే లోపల గ్యాసు తయారైందని అర్థం, ఆ నమూనాలో పీచు తక్కువే వస్తుంది. డబ్బాను నిండా నింపకూడదు కూడా. గడ్డకట్టినప్పుడు వ్యాకోచించి పగులుతుంది.

ఐదు రోజులదీ కలిపి, సగం కరిగాక, తూకం వేసిన నీళ్లు పోసి పెద్ద బ్లెండర్‌లో ముద్ద ఏకమయ్యేదాకా తిప్పాలి. ఆవాలు, మొక్కజొన్న తొక్కలు పైకి తేలి ఒక పక్కకు చేరతాయి. పై నుంచి ఒక చెంచా తీసుకుంటే ఒక అంకె, అడుగు నుంచి తీస్తే ఇంకో అంకె. ఆ తర్వాత ఆరబెట్టడం. ఫ్రీజ్ డ్రైయర్ (గడ్డకట్టిన స్థితిలోనే తేమ లాగేసే యంత్రం) ఉంటే అదే వాడాలి. లేకపోతే గాలి తిరిగే ఓవెన్‌లో 60 డిగ్రీలు దాటకుండా, పలచగా పరిచి ఆరబెట్టాలి. తొందరపడి 105 డిగ్రీల ఓవెన్‌లో పెడితే చక్కెరలూ ప్రొటీనూ కలిసి గోధుమరంగు పదార్థంగా మారతాయి. రొట్టె పైపెచ్చు ఎర్రబడే ప్రక్రియే ఇది. ఆ పదార్థం ఆమ్లంలో కరగదు, చివర్లో లిగ్నిన్ ఖాతాలో చేరుతుంది. మనిషి తినని లిగ్నిన్ మలంలో పుట్టుకొస్తుంది! 105 డిగ్రీల ఓవెన్ తేమ లెక్క కోసం పక్కకు తీసిన రెండు గ్రాములకు మాత్రమే.

ఎండిన దాన్ని డిటర్జెంట్ పద్ధతికైతే ఒక మిల్లీమీటరు జల్లెడ మరలో, చక్కెరల పద్ధతికైతే అర మిల్లీమీటరు జల్లెడలో పొడి చేస్తారు (ఈ రెండు పద్ధతుల సంగతి కింద చెబుతాం). పొడి రేగుతుంది కాబట్టి మాస్కు, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. ఆ పొడి గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది, తూకం దగ్గర ముచ్చట్లు పెట్టుకోకూడదు. కొవ్వు పది శాతం దాటితే గ్రాముకు 25 మిల్లీలీటర్ల చొప్పున పెట్రోలియం ఈథర్‌తో మూడుసార్లు కడిగి తీసేయాలి. కొవ్వు ఉంటే ఎంజైములు లోపలికి దిగవు, వడపోతా సాగదు.

ఇప్పుడు అసలు చిక్కు. పొడిలో పీచు ఎంత? ఇంగ్లండులో స్టీఫెన్, కమింగ్స్ అనే పరిశోధకులు 1980లో ప్రచురించిన కొలతల్లో, అక్కడి సాధారణ తిండి తినేవారి మలంలోని పొడి పదార్థంలో సుమారు 55 శాతం బ్యాక్టీరియాయే. పీచు 17 శాతం. మిగతాది చాలావరకు కరిగే పదార్థం. అంటే మనం వెతికే దానికి మూడింతలు బ్యాక్టీరియా పక్కనే కూర్చుని ఉంది. దాని గోడలోనూ చక్కెరల గొలుసులే ఉంటాయి. పేగు గోడ నుంచి వచ్చే జిగురులోనూ చక్కెరలే. తిండి కోసం తయారైన పద్ధతికి ఈ తేడా తెలియదు, ఎందుకంటే పప్పులో, పిండిలో ఈ గొడవ లేదు.

తిండికి ఎక్కువగా వాడే, పరీక్షా పద్ధతులను ప్రచురించే ఏఓఏసీ సంస్థ వారి 991.43 నంబరు పద్ధతినే తీసుకోండి. ఒక గ్రాము నమూనా, జంటగా. 40 మిల్లీలీటర్ల మెస్–ట్రిస్ బఫర్ (పీహెచ్‌ను నిలిపి ఉంచే ద్రావణం), పీహెచ్ 8.2. పిండిపదార్థాన్ని విరిచే, వేడిని తట్టుకునే ఆల్ఫా అమైలేజ్ 50 మైక్రోలీటర్లు వేసి 95–100 డిగ్రీల నీటితొట్టిలో ఉంచుతారు. 60 డిగ్రీలకు చల్లార్చి, ప్రొటీనును విరిచే ప్రొటియేజ్‌తో అరగంట. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 4.0–4.7 మధ్యకు తెచ్చి మిగిలిన పిండిపదార్థాన్ని విరిచే అమైలోగ్లూకోసైడేజ్‌తో ఇంకో అరగంట. తర్వాత నాలుగింతల వేడి ఇథనాల్ పోసి గంట ఆగితే, కరిగిన పీచు తెట్టెలా కిందికి దిగుతుంది. సీలైట్ (వడపోతకు వాడే మట్టి పొడి) పరిచిన గాజు క్రూసిబుల్‌లో (అడుగున సన్నని కన్నాలున్న వడపోత గిన్నెలో) వడకట్టి, 78 శాతం ఇథనాల్, 95 శాతం ఇథనాల్, అసిటోన్‌తో కడిగి, రాత్రంతా ఆరబెట్టి తూచాలి. జంటలో ఒకదానిలో కెల్డాల్ పద్ధతిలో నైట్రోజన్ తీసి 6.25తో గుణించి ప్రొటీనుగా తీసేస్తారు. రెండోదాన్ని 525 డిగ్రీల్లో ఐదు గంటలు కాల్చి బూడిదను తీసేస్తారు. బ్లాంకు (నమూనా వేయకుండా ఇదే పని నడిపితే వచ్చే బరువు) కూడా తీసేస్తే మిగిలింది పీచు.

మలంతో ఇది రెండు చోట్ల తప్పుతుంది. ఒకటి ఇథనాల్ దగ్గర. నాలుగింతల ఇథనాల్ పోసినప్పుడు పెక్టిన్ ఒక్కటే కిందికి దిగదు. పేగు జిగురు దిగుతుంది, బ్యాక్టీరియా చక్కెరల గొలుసులు దిగుతాయి, డీఎన్‌ఏ కూడా దిగుతుంది. ‘కరిగే పీచు’ గడిలో పడే అంకెలో మనిషి తిన్నది ఎంతో ఎవరూ చెప్పలేరు. మామూలుగా కరిగే పీచు పెద్దపేగులోనే పులిసి పోతుంది, అంటే అక్కడి బ్యాక్టీరియా దాన్ని తినేస్తుంది, మలంలో మిగిలేది కొద్ది. ఆ కొద్దినే ఈ పద్ధతి ఎక్కువ చేసి చూపిస్తుంది.

రెండోది 6.25 దగ్గర. ప్రొటీనులో సుమారు 16 శాతం నైట్రోజన్ ఉంటుంది కాబట్టి ఆ గుణకం. బ్యాక్టీరియా గోడలోని ఎన్‌–ఎసిటైల్ గ్లూకోసమైన్‌లో నైట్రోజన్ 7 శాతం కూడా ఉండదు. దానికి సరైన గుణకం 14 పైన. అంటే దాని నుంచి ఒక మిల్లీగ్రాము నైట్రోజన్ వస్తే మనం 6.25 మిల్లీగ్రాములే తీసేస్తాం, ఇంకో 8 మిల్లీగ్రాములు పీచు పేరుతో కూర్చుంటాయి. ఈ లెక్క తెలిసీ మలానికి 991.43 అంకెను మార్పు లేకుండా రాసేయడం మా దృష్టిలో సోమరితనమే.

పశువైద్య కళాశాలల్లో పేడకు రోజూ వాడేది వాన్ సోస్ట్ అనే శాస్త్రవేత్త పేరు మీదున్న డిటర్జెంట్ పద్ధతి. మలానికి ఇది మనం అనుకునేదానికన్నా బాగా నప్పుతుంది. కారణం సబ్బు గుణమే: సోడియం లారిల్ సల్ఫేట్ బ్యాక్టీరియా కణాలను చీల్చి కరిగిస్తుంది. న్యూట్రల్ డిటర్జెంట్ ద్రావణంలో లీటరుకు 30 గ్రాముల లారిల్ సల్ఫేట్, 18.61 గ్రాముల ఈడీటీఏ, 6.81 గ్రాముల బోరాక్స్, 4.56 గ్రాముల డైసోడియం ఫాస్ఫేట్ ఉంటాయి. పీహెచ్ 6.9–7.1. అర గ్రాము నుంచి గ్రాము దాకా పొడికి 100 మిల్లీలీటర్లు పోసి, గంటసేపు రిఫ్లక్స్‌లో (ఆవిరి చల్లబడి మళ్లీ ఫ్లాస్కులోకే దిగేలా) మరిగించాలి. పిండిపదార్థం మిగలకుండా వేడిని తట్టుకునే అమైలేజ్ కలపాలి. పీహెచ్ సరిచేయడానికి పొటాషియం హైడ్రాక్సైడ్ వాడొద్దు. పొటాషియం లారిల్ సల్ఫేట్ తెల్లటి పెచ్చులా దిగిపోతుంది, సోడియం హైడ్రాక్సైడే వాడాలి. సోడియం సల్ఫైట్ వేస్తే ప్రొటీను బాగా పోతుంది గానీ లిగ్నిన్‌నూ కొరుకుతుంది. లిగ్నిన్ కావాలంటే వేయకండి.

ఈ పద్ధతిలో సహనానికి పరీక్ష పెట్టేది వడపోత. క్రూసిబుల్ అడుగున పచ్చటి జారు పొర ఒకటి పరుచుకుంటుంది, వాక్యూమ్ పంపు చప్పుడు మారుతుంది, ద్రవం చుక్కచుక్కగా కూడా దిగదు. అప్పుడు పంపు ఇంకా బిగిస్తే పొర మరింత గట్టిపడుతుంది. చేయాల్సింది తలకిందులు: వాక్యూమ్ ఆపి, కిందినుంచి కొద్దిగా గాలి వెనక్కి తోసి, మరిగే నీళ్లు పోసి రెండు నిమిషాలు ఆగి, మళ్లీ మెల్లగా లాగాలి. కడుగు నీళ్లు 90 డిగ్రీలు దాటి ఉండాలి. చల్లారితే సబ్బే గడ్డకట్టి కన్నాలు మూసేస్తుంది. ముందుగానే క్రూసిబుల్‌లో కాల్చిన ఇసుకో సీలైటో పరిస్తే సగం బాధ తప్పుతుంది. ఇసబ్‌గోల్ వాడేవారి నమూనా అయితే ఇవేవీ చాలవు. అది పేగులో పెద్దగా పులియదు, జిగురుగానే బయటికొస్తుంది, వడపోతను మూసేస్తుంది. అర గ్రాముకు బదులు పావు గ్రాముతో మొదలుపెట్టడమే దారి.

న్యూట్రల్ డిటర్జెంట్‌లో మిగిలింది హెమీసెల్యులోజ్, సెల్యులోజ్, లిగ్నిన్. అదే అవశేషాన్ని యాసిడ్ డిటర్జెంట్‌లో మరో గంట మరిగిస్తే హెమీసెల్యులోజ్ పోతుంది. యాసిడ్ డిటర్జెంట్ అంటే 1 నార్మల్ గాఢత ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లంలో లీటరుకు 20 గ్రాముల సీటీఏబీ అనే సబ్బులాంటి పదార్థం కలిపిన ద్రావణం. ఆ తర్వాత 72 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మూడు గంటలు నానబెట్టి, గంటకోసారి గాజు కడ్డీతో కలిపి, కడిగి తూచి, కాల్చి మళ్లీ తూస్తే, తగ్గిన బరువు లిగ్నిన్. ఒకే అవశేషం మీద వరసగా చేయడం మంచిది. వేర్వేరు నమూనాలతో చేసి ఒకదాని నుంచి ఇంకోటి తీసేస్తే, యాసిడ్ డిటర్జెంట్‌లో పెక్టిన్ కొంత దిగి సెల్యులోజ్‌ను పెంచుతుంది. మలంలో కాల్షియం ఫాస్ఫేట్ దండిగా ఉంటుంది కాబట్టి బూడిద తీసేసిన అంకే రాయాలి. ఇంకో మాట: ‘లిగ్నిన్’ అని వచ్చిందంతా లిగ్నిన్ కాదు. టమాటా తొక్కలోని క్యూటిన్ అనే మైనంలాంటి పదార్థం, ఎర్రజొన్న, రాగి పొట్టులోని టానిన్ ప్రొటీనుతో బిగుసుకున్న ముద్ద కూడా అందులోనే తేలతాయి.

పెక్టిన్ ఈ పద్ధతిలో మొదటి గంటలోనే పోతుంది. అందుకే మనుషుల మీద జాగ్రత్తగా చేసే అధ్యయనాలకు చక్కెరలను ఒక్కొక్కటిగా కొలిచే పద్ధతి వాడాలి. కేంబ్రిడ్జ్‌లో ఎంగ్లిస్ట్, కమింగ్స్ అనే పరిశోధకులు 1980ల్లో దీన్ని నిలబెట్టారు. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంతో పిండిపదార్థాన్ని విప్పి ఎంజైములతో తీసేశాక, అవశేషాన్ని 12 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 35 డిగ్రీల దగ్గర అరగంట ఉంచుతారు. ఐదింతల నీళ్లు కలిపి 2 మోలార్‌కు తెచ్చి, 100 డిగ్రీల్లో గంట. మొదటి అరగంటే ప్రాణం. నమూనాలో తడి ఉన్నా, ఉండ కట్టినా, గాఢ ఆమ్లం లోపలికి దిగదు, సెల్యులోజ్ కరగదు. గ్లూకోజ్ తక్కువ వస్తుంది, అదే బరువు లిగ్నిన్ గడిలో ఎక్కువ వస్తుంది. రెండు అంకెలూ ఒకేసారి ఇలా ఎదురెదురుగా జరిగితే అనుమానించాల్సింది ఈ ఉండలనే.

తర్వాత అమోనియాతో క్షారంగా మార్చి, సోడియం బోరోహైడ్రైడ్‌తో చక్కెరలను ఆల్డిటాల్‌లుగా, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, మిథైల్ ఇమిడజోల్‌తో ఎసిటేట్‌లుగా చేసి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో (ఒక్కో చక్కెరను విడదీసి కొలిచే యంత్రంలో) ఎక్కిస్తారు. అలోజ్ అనే చక్కెరను ముందే తెలిసినంత కలిపి కొలబద్దగా పెట్టుకుంటారు. పెక్టిన్‌లో ప్రధానంగా ఉండే యూరోనిక్ ఆమ్లాలు ఇందులో కనిపించవు, వాటిని రంగు పద్ధతిలో విడిగా తీయాలి. లేదంటే పెక్టిన్ మళ్లీ లెక్కలోంచి జారిపోతుంది. ఆమ్లంలో గ్లూకోజ్‌కన్నా జైలోజ్ ఎక్కువ పాడవుతుంది కాబట్టి, తెలిసిన చక్కెరల మిశ్రమాన్ని కూడా పక్కనే అదే ఆమ్లంలో నడిపి సరిదిద్దాలి. వచ్చిన చక్కెరను గొలుసు బరువుకు మార్చడానికి గ్లూకోజ్ రకాలను 0.9తో, జైలోజ్, అరబినోజ్‌లను 0.88తో గుణిస్తారు.

ఈ పద్ధతి గొప్పదనం చక్కెర పేర్లు చదవడంలో ఉంది. జైలోజ్, అరబినోజ్ దాదాపుగా మొక్కలవే, నమ్మొచ్చు. రైబోజ్ కనిపిస్తే అది బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ నుంచి వచ్చింది. ఫ్యూకోజ్ ప్రధానంగా పేగు జిగురుది. గెలాక్టోజ్ మూడు వైపుల నుంచీ వస్తుంది. గ్లూకోజ్ తగువులమారి: సెల్యులోజ్‌దా, అరగని పిండిదా, బ్యాక్టీరియా దాచుకున్నదా చెప్పదు. గాఢ ఆమ్లం దశ వదిలేసి 2 మోలార్‌తోనే ఇంకో నమూనా నడిపి, రెండింటి తేడాను సెల్యులోజ్ గ్లూకోజ్‌గా తీసుకుంటే ఆ తగువు చాలావరకు తీరుతుంది.

అంకె ఎంత దూరం పోతుందో ఒక ఉదాహరణ. రోజుకు 30 గ్రాముల పీచు తినే మనిషి ఐదు రోజుల మలం 900 గ్రాములు, అందులో పొడి పదార్థం 24 శాతం, అంటే 216 గ్రాములు. చక్కెరల పద్ధతిలో పొడిలో పీచు 18 శాతం వచ్చిందనుకుందాం. ఐదు రోజులకు 38.9, రోజుకు 7.8 గ్రాములు. తిన్నదాంట్లో 74 శాతం పులిసిపోయిందన్నమాట. అదే పొడిని బ్యాక్టీరియాను వేరు చేయలేని పద్ధతిలో కొలిస్తే 28 శాతం వచ్చిందనుకుందాం. రోజుకు 12.1 గ్రాములు, పులిసింది 60 శాతమే. మనిషి పేగు మారలేదు, మలం మారలేదు.

ఇంకో తప్పు పత్రికల్లోనూ, కొన్ని థీసిస్‌లలోనూ కనిపిస్తుంది. తిన్న పీచును పట్టికలోంచి తీసుకుని, మలంలోది డిటర్జెంట్ పద్ధతిలో కొలిచి తీసివేత చేయడం. పట్టికలో పెక్టిన్ ఉంది, డిటర్జెంట్‌లో లేదు. పెక్టిన్ మొత్తం మనిషి పేగులోనే పోయినట్టు లెక్క వస్తుంది, నిజానికి అది పోయింది రిఫ్లక్స్ ఫ్లాస్కులో. తిండినీ మలాన్నీ ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో, వీలైతే ఒకే బ్యాచ్‌లో కొలవాలి. ప్రతి బ్యాచ్‌లోనూ ఒక మలం నమూనాకు 100 మిల్లీగ్రాముల శుద్ధ సెల్యులోజ్ కలిపి నడపాలి. అందులో 95 కూడా తిరిగి రాకపోతే ఆ రోజు అంకెలు పక్కన పెట్టేయడమే మేలు.

ఇంత కష్టపడి ఎందుకంటారా? కేంబ్రిడ్జ్‌లో ఇలా కొలిచే, క్యాబేజీ పీచులో 92 శాతం పెద్దపేగులో పులిసిపోతుందనీ, గోధుమ తవుడు పీచులో 36 శాతమే పులుస్తుందనీ 1980లో తేల్చారు. తవుడు నీళ్లు పట్టుకుని మలాన్ని పెంచుతుంది. క్యాబేజీ బ్యాక్టీరియాకు మేతై, ఆ బ్యాక్టీరియా బరువుగా బయటికొస్తుంది. రెండూ మలబద్ధకానికి పనికొస్తాయి, దారులు వేరు. ‘పీచు’ అని ఒక్క అంకె రాస్తే ఈ తేడా కనిపించదు.

ఆరోగ్యంగా ఉన్నవారికి ఈ పరీక్ష అక్కర్లేదు, ఇది పరిశోధనకు. ఎవరైనా ఒక డబ్బా మలంతో పీచు అరుగుదల చెబుతామంటే పాఠకులు నాలుగు ప్రశ్నలు అడగాలి. ఎన్ని రోజుల మలం? ఎన్ని డిగ్రీల్లో ఆరబెట్టారు? ఏ పద్ధతి? బ్యాక్టీరియా వాటాను ఎలా తీసేశారు? ఆ వ్యాసంతో ఇచ్చిన పట్టికలో ‘మలంలో పీచు’ గడి కింద పద్ధతి పేరు లేదు. అది చేర్చి, ‘వెజిటబుల్ ఫైబర్స్’ వాక్యాన్ని తీసేసి, సవరణ వేయమని మనవి.

ఇట్లు,
పోషకాహార విశ్లేషణ పని చేసే కొందరు పాఠకులు,
హైదరాబాద్